బేగంబజార్‌లో క్రిస్మస్: నగరానికి పండుగను సమకూర్చే సంత

యూరప్ నగరాల్లో డిసెంబరు రాగానే ప్రధాన కూడళ్లలో కొయ్య బడ్డీలు వేసి, అలంకరణ సామగ్రినీ బొమ్మలనూ తినుబండారాలనూ అమ్మే క్రిస్మస్ సంతలకు శతాబ్దాల చరిత్ర ఉంది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో 1434లో, పండుగ ముందు ఒక్కరోజు మాంసం అమ్ముకోవడానికి పాలకుడు ఇచ్చిన అనుమతితో మొదలైన సంత ఈనాటికీ సాగుతుండగా, స్ట్రాస్‌బర్గ్ సంత 1570 నుంచి, న్యూరెంబర్గ్ సంత 17వ శతాబ్దపు తొలి దశకాల నుంచి పేరు పొందాయి. ఆ సంతల ఆయుష్షు కొన్ని వారాలే. పండుగ దాటగానే బడ్డీలు విప్పి కూడలిని ఖాళీ చేస్తారు. హైదరాబాద్‌లో క్రైస్తవ కుటుంబాలు పండుగ సామాను కోసం తరతరాలుగా నమ్ముకున్న చోటు మాత్రం మూసీ నదికి ఉత్తర గట్టున, అఫ్జల్‌గంజ్‌కు ఆనుకుని, ఏడాది పొడవునా నడిచే బేగంబజార్. ఇది క్రిస్మస్ కోసం పుట్టిన బజారు కాదు, ఇందులో అమ్మేవారిలో అత్యధికులు క్రైస్తవులూ కారు. అయినా డిసెంబరులో ఒక సాయంత్రం స్నేహితుడితో కలిసి ఈ వీధుల్లో తిరిగిన వారికి, ఒక పెద్ద నగరంలో ఒక చిన్న సముదాయపు పండుగ ఇంటింటికీ ఎలా చేరుతుందో, ఆ చేరికలో ఎన్ని మతాలవారి చేతులు కలుస్తాయో స్పష్టంగా అర్థమవుతుంది.

బేగం ఇచ్చిన నేల

హైదరాబాద్ నగరానికి 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా పునాది వేసినప్పుడు దాని నడిబొడ్డు మూసీకి దక్షిణాన, చార్మినార్ చుట్టూ రూపుదిద్దుకుంది. 18వ శతాబ్దం ద్వితీయార్ధంలో రెండవ అసఫ్ జా అయిన నిజాం అలీ ఖాన్ రాజధానిని ఔరంగాబాద్ నుంచి హైదరాబాద్‌కు మార్చాక నగర జనాభా, దానితో పాటే వ్యాపారపు అవసరాలూ పెరిగాయి. ఆయన భార్య హుమ్దా బేగం కోటగోడ వెలుపల, నదికి ఉత్తరాన ఉన్న స్థలాన్ని వ్యాపారం చేసుకోవడానికి వర్తకులకు ఇచ్చినందువల్ల ఈ ప్రాంతానికి బేగంబజార్ అనే పేరు వచ్చిందని చరిత్ర చెబుతుంది. ఆ తరువాతి కాలంలో రాజస్థాన్, గుజరాత్ ప్రాంతాల నుంచి వచ్చిన మార్వాడీ, జైన, అగర్వాల్ కుటుంబాలూ, మఠాల్లో ఉంటూనే వడ్డీ వ్యాపారం నడిపిన గోసాయిలూ ఇక్కడ స్థిరపడ్డారు. 19వ శతాబ్దంలో నిజాం ప్రభుత్వానికి అప్పులిచ్చిన సాహుకార్లు, అంటే పెద్ద వడ్డీ వ్యాపారులు, పలువురు ఈ పేటలోనే నివసించారు.

నగరంలో క్రైస్తవుల చరిత్ర కూడా ఈ బజారుకు దూరమైనదేమీ కాదు. పాతబస్తీలోని ఉప్పుగూడలో ఉన్న ఆర్మీనియన్ల సమాధులు 17వ శతాబ్దం నుంచే ఇక్కడికి క్రైస్తవ వర్తకులు వచ్చిపోయారని చాటుతున్నాయి. 1803 తరువాత కోఠిలో బ్రిటిష్ రెసిడెన్సీ భవనం లేచాక, దాని చుట్టుపక్కల చాదర్‌ఘాట్, ఆబిడ్స్, గన్‌ఫౌండ్రి ప్రాంతాల్లో చర్చిలూ మిషనరీ పాఠశాలలూ వెలిశాయి. గన్‌ఫౌండ్రిలోని సెయింట్ జోసెఫ్ కేథడ్రల్, అంటే బిషప్ పీఠం ఉన్న ప్రధాన దేవాలయం, 1870లో శంకుస్థాపన జరుపుకుని 1875లో ఆరాధనకు సిద్ధమైంది. ఈ చర్చిల నుంచి బేగంబజార్ కొద్దిపాటి దూరంలోనే ఉండటం వల్ల, పండుగ కొనుగోళ్లకు ఇటు రావడం అక్కడి కుటుంబాలకు సహజమైన అలవాటుగా మారింది. 1806లో దండు పట్టణంగా ఏర్పడిన సికింద్రాబాద్‌లో క్రైస్తవుల సంఖ్య ఎక్కువ, అక్కడ జనరల్ బజార్ కూడా ఉంది. అయినా పెద్దమొత్తంలో సరుకు కావాలనుకునే వారు మూసీ గట్టుకే వస్తుంటారు.

పండుగల వరుస

బేగంబజార్‌ను అర్థం చేసుకోవాలంటే దానికి సొంతంగా ఉన్న ఏడాది లెక్కను తెలుసుకోవాలి. శ్రావణంలో రాఖీలు, భాద్రపదంలో వినాయక మండపాలకు కట్టే తోరణాలు, ఆశ్వయుజంలో బతుకమ్మ, దసరాలకు కావలసిన సామాను, దీపావళికి ప్రమిదలూ విద్యుద్దీపాలూ ఇక్కడి నుంచే నగరానికీ జిల్లాలకూ వెళతాయి. దీపావళి సరుకు ఖాళీ అయిన అరల్లోకి నవంబరు చివరికి ఎర్ర టోపీలూ నక్షత్రాలూ వచ్చి కూర్చుంటాయి. అవి అమ్ముడవుతుండగానే కొత్త సంవత్సరపు డైరీలు, సంక్రాంతి గాలిపటాలు, మాంజా చుట్టలు గోదాముల నుంచి బయటికి వస్తాయి, ఆ వెనుక హోలీ రంగులూ పిచికారీలూ వరుస కడతాయి. చాంద్రమానాన్ని అనుసరించి ఏటా కొంత ముందుకు జరిగే రంజాన్ ఈ వరుసలో ఏ నెలకు వస్తే ఆ నెలలో ఖర్జూరాలకూ ఎండు పళ్లకూ గిరాకీ పెరుగుతుంది.

ఈ లెక్కలో గమనించదగ్గ విషయం, ఒకే వస్తువు అనేక పండుగలకు పనికి రావడం. తళుకు కాగితాన్ని సన్నగా కత్తిరించి తీగకు చుట్టిన దండలు సెప్టెంబరులో గణపతి పందిరికీ, మాఘ ఫాల్గుణాల్లో పెళ్లిమండపానికీ, డిసెంబరులో క్రిస్మస్ చెట్టుకూ కడతారు. సీరియల్ లైట్లు దీపావళికీ క్రిస్మస్‌కూ ఒకటే. ఇలా మతంతో సంబంధం లేకుండా చెల్లే సరుకును వ్యాపారి నిశ్చింతగా నిల్వ చేస్తాడు. క్రిస్మస్ తాత బొమ్మలూ టోపీలూ మాత్రం డిసెంబరు 25 దాటితే పదకొండు నెలల పాటు గోదాములో ఉండిపోవలసినవే గనుక వాటిని ఆచితూచి తెప్పిస్తాడు. పండుగ రెండు రోజుల్లోకి వచ్చాక అటువంటి సరుకు మీద బేరం తేలికగా తెగడానికి కారణం ఇదే.

2011 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాద్‌లో క్రైస్తవుల వాటా రెండు, మూడు శాతాల మధ్యనే ఉంది. ఇంత చిన్న సముదాయానికి ఇంత పెద్ద అంగడి ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఈ బజారు విస్తృతిలో ఉంది. ఇక్కడి కొనుగోలుదారుల్లో మెదక్, నల్లగొండ, మహబూబ్‌నగర్, వరంగల్ వైపు నుంచి వచ్చే చిన్న దుకాణదారులు అధికం. మూసీ మధ్యన 1994లో ప్రారంభమైన మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దగ్గర్లోనే ఉండటం వల్ల, ఉదయం బస్సు దిగిన వ్యాపారి రాత్రికల్లా మూటలతో తిరుగు బస్సు ఎక్కగలడు. అంతకు మించిన సరుకును లారీ రవాణా సంస్థల్లో వేసి, దానికి ఇచ్చే రసీదును, అంటే బిల్టీని, తీసుకుని ఊరికి వెళతాడు. మండల కేంద్రంలో ఒక చిన్న కొట్టు ముందు వేలాడే నక్షత్రం చాలా సందర్భాల్లో ఈ గల్లీల మీదుగా ప్రయాణించినదే.

ఇద్దరు కలిసి వెళ్లే సాయంత్రం

డిసెంబరు మూడో వారంలో హైదరాబాద్‌లో సూర్యుడు ఆరు గంటలకు ముందే అస్తమిస్తాడు, ఎండ వేడిమి లేని ఆ నెలలో చీకటి పడ్డాక నడక హాయిగా ఉంటుంది. విద్యుద్దీపాలనూ నక్షత్రాలనూ వెలిగించి చూపేది చీకటి పడ్డాకే కాబట్టి వాటి రంగు, కాంతి, మెరుపు తెలిసేది కూడా అప్పుడే. పగలు హమాలీలు, అంటే బస్తాలూ పెట్టెలూ మోసే కూలీలు, తోపుడు బండ్లతో జిల్లాల సరుకును తరలించే హడావుడి సాయంత్రానికి కొంత తగ్గుముఖం పట్టి, ఆఫీసులూ కాలేజీలూ ముగించుకుని వచ్చిన చిల్లర కొనుగోలుదారులతో వీధులు నిండుతాయి. కారు నిలిపే చోటు దొరకడం కష్టమైన ఈ పేటకు మెట్రో రైలులో ఉస్మానియా మెడికల్ కాలేజీ లేదా ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగి ఆటోలోనో నడకతోనో చేరడం తెలివైన పద్ధతి.

ఈ బజారుకు ఒంటరిగా కాక ఒక స్నేహితుణ్ణో స్నేహితురాలినో వెంటబెట్టుకుని వెళ్లే అలవాటు నగరవాసుల్లో విరివిగా కనిపిస్తుంది, దానికి బలమైన ఆర్థిక కారణం ఉంది. హోల్‌సేల్, అంటే టోకు వ్యాపారంలో సరుకును విడిగా అమ్మరు. డజను, పెట్టె, లేదా పన్నెండు డజన్ల గ్రోసు లెక్కన అమ్ముతారు. క్రిస్మస్ తాత టోపీలు డజను చొప్పున, చిన్న గంటలు ప్యాకెట్ చొప్పున, రంగుల గోళాలు పెట్టె చొప్పున దొరుకుతాయి. ఒక ఇంటికి డజను టోపీలు అక్కర లేదు. ఇద్దరు కలిసి కొంటే ఆరేసి చొప్పున పంచుకోవచ్చు, చిల్లర ధర పెట్టకుండా డజను ధరకే సరుకు పొందవచ్చు. అందుకే కౌంటరు దగ్గర ఒకరు ఎంపిక చేస్తుంటే మరొకరు లెక్క చూసుకోవడం, బయటికి రాగానే ఎవరి వాటా వారు సంచుల్లో సర్దుకోవడం ఇక్కడ మామూలు దృశ్యం.

బేరంలోనూ రెండో మనిషి ఉపయోగం ఉంది. సేటు చెప్పిన ధర విని ఒకరు ఒప్పుకోబోతుండగా, ఇంకొకరు పక్క దుకాణంలో అదే సరుకు తక్కువకు ఉందని గుర్తు చేస్తారు; అక్కడ తెలుగు, దక్కనీ ఉర్దూ, మార్వాడీ యాసతో కూడిన హిందీ ఒకే సంభాషణలో కలిసిపోతాయి. దుకాణపు కుర్రాడు వచ్చినవారిని అన్నా, అక్కా, భయ్యా అని పిలుస్తాడు. వచ్చినవారు గల్లా పెట్టె దగ్గర కూర్చున్న యజమానిని సేట్ అని సంబోధిస్తారు. ఇలా వచ్చే జంటల్లో ఇద్దరూ ఒకే మతంవారై ఉండాలన్న నియమం లేదు. ఆఫీసులో, కాలేజీలో కలిసిన క్రైస్తవ మిత్రుడి వెంట హిందూ, ముస్లిం మిత్రులు రావడం, ఆ నెపంతో తమ ఇంటి పిల్లలకూ ఒక నక్షత్రమో టోపీయో కొనుక్కుపోవడం హైదరాబాద్ జీవితంలో సాధారణమైన విషయం. పండుగ నాడు ఇంటికి భోజనానికి పిలవడం కన్నా ముందే, పండుగ తయారీలో పాలు పంచుకునే అవకాశాన్ని ఈ సాయంత్రాలు కల్పిస్తాయి.

నక్షత్రం కథ

తెలుగు నాట క్రైస్తవుల ఇంటికి డిసెంబరులో ప్రధానమైన గుర్తు నక్షత్రం. చెట్టు పెట్టే స్థోమతో స్థలమో లేని ఇంట్లో కూడా వాకిట్లో ఒక నక్షత్రం తప్పక వేలాడుతుంది. తూర్పు దేశపు జ్ఞానులకు ఒక నక్షత్రం దారి చూపి, వారిని శిశువైన యేసు దగ్గరికి చేర్చిందని మత్తయి సువార్త చెప్పే కథ దీనికి మూలం. ఆ జ్ఞానుల రాకను పాశ్చాత్య సంఘాలు జనవరి 6న స్మరించుకుంటాయి కాబట్టి, చాలా ఇళ్లలో నక్షత్రాన్ని కొత్త సంవత్సరం వచ్చాక కూడా దించరు.

కాగితపు నక్షత్రాన్ని క్రిస్మస్ అలంకరణగా వాడే పద్ధతికి ప్రసిద్ధమైన ఒక మూలం జర్మనీలో ఉంది. 1830లలో నీస్కీ అనే ఊళ్లో మొరేవియన్ సంఘంవారి పాఠశాలలో పిల్లలకు రేఖాగణితం బోధించేందుకు పలు కోణాలున్న కాగితపు నక్షత్రాలను చేయించారు. ఆ పని పిల్లల నుంచి ఇళ్లకు పాకి, 19వ శతాబ్దం చివరికి హెర్న్‌హుట్ పట్టణంలో ఒక చిన్న పరిశ్రమగా స్థిరపడింది. మొరేవియన్లు ప్రపంచంలోని అనేక ప్రాంతాలకు వెళ్లిన మిషనరీలు గనుక ఆ నక్షత్రం కూడా వారి వెంట ప్రయాణించింది.

తెలుగు పల్లెల్లో మాత్రం నక్షత్రం చాలాకాలం ఇంటి పనిగానే ఉండేది. వెదురు బద్దలను చీల్చి, రెండు త్రికోణాలుగానో ఐదు కోణాలుగానో కట్టి, వాటికి మైదా జిగురుతో రంగు కాగితాలు అంటించి, లోపల మొదట దీపాన్నీ తరువాతి కాలంలో బల్బునూ అమర్చేవారు. చర్చిలోని యువకులు డిసెంబరు మొదటి వారంలో దీనికోసం రాత్రుళ్లు మేలుకొనేవారు. మడిచిపెట్టే అట్ట నక్షత్రాలు అంగళ్లలోకి వచ్చాక ఆ శ్రమ తగ్గింది. గట్టి అట్ట మీద పూల చిల్లులు కొట్టి, వెనుక రంగు కాగితం అంటించి, ఐదు కోణాలనూ పలచగా మడిచి ప్యాకెట్లో పెడతారు. కొన్నవారు దాన్ని విప్పి, అంచులను కలిపి, పైనుంచి హోల్డరు దించితే వెలుగు చిల్లుల గుండా గోడ మీద పరుచుకుంటుంది. ఇప్పుడు బేగంబజార్‌లో ఈ అట్ట నక్షత్రాలతో పాటు వానకు తడవని ప్లాస్టిక్ నక్షత్రాలూ, తీగ చట్రానికి ఎల్‌ఈడీ దీపాలు చుట్టిన రకాలూ పక్కపక్కనే వేలాడుతాయి.

కాగితపు నక్షత్రం కొనేవారికి జాగ్రత్త చెప్పడం అవసరం. పాతకాలపు ఫిలమెంట్ బల్బు విద్యుత్తులో అధిక భాగాన్ని వేడిగా మార్చేస్తుంది, గంటల తరబడి వెలిగితే దానికి తగిలిన కాగితం మాడి మంటలు లేచే ప్రమాదం ఉంది. ఎల్‌ఈడీ బల్బు చాలా తక్కువగా వేడెక్కుతుంది గనుక నక్షత్రంలో అమర్చడానికి అదే తగినది. సీరియల్ సెట్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. పాత రకం సెట్లలో చిన్న బల్బులు ఒకదాని తరువాత ఒకటి ఒకే దారిలో కలిసి ఉండేవి కాబట్టి ఒక్కటి మాడితే మొత్తం ఆరిపోయేది. దాన్ని సరిచేయబోయి తీగలను కోసి, అతుకుల మీద టేపు చుట్టకుండా వదిలేయడం వల్ల షాకు కొట్టే పరిస్థితులు ఏర్పడేవి. దుకాణంలో వెలిగించి చూపించమని అడగడం, ప్లగ్గు, అతుకులు, తీగ మందం పరిశీలించడం కొనేవారి హక్కు; ఆ మాట అడిగితే ఇక్కడి దుకాణదారులు విసుక్కోరు.

చెట్టు, తాత, పశువుల పాక

క్రిస్మస్ చెట్టు మధ్య యూరప్ అడవుల్లో పెరిగే సూదాకుల వృక్షం. బ్రిటన్‌లో విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడిన చిత్రం 1848లో పత్రికలో వచ్చాక దానికి ప్రపంచవ్యాప్త ప్రాచుర్యం లభించింది. దక్కను నేలలో అటువంటి చెట్టు పెరగదు గనుక తీరాంధ్రలో సరుగుడు కొమ్మలను నిలిపి అలంకరించే పద్ధతి ఉండేది. నేటి బజారులో దొరికేవి ప్రధానంగా పీవీసీ చెట్లు. పలచని ప్లాస్టిక్ పొరను కుంచెలా సన్నగా చీల్చి, రెండు తీగల మధ్య పెట్టి మెలితిప్పితే కొమ్మ తయారవుతుంది, ఆ కొమ్మలను ఇనుప కాడకు తగిలిస్తే చెట్టు అవుతుంది. ఒక అడుగు ఎత్తున్న బల్లమీది చెట్టు మొదలు మనిషిని మించిన ఎత్తు దాకా దొరికే వీటిని విప్పి పెట్టెలో దాచుకుని ఏళ్ల తరబడి వాడుకోవచ్చు.

పిల్లలు ఎక్కువగా ఆగేది క్రిస్మస్ తాత దుస్తుల ముందు. ఇప్పటి టర్కీలో ఉన్న మైరా పట్టణానికి 4వ శతాబ్దంలో బిషప్‌గా ఉన్న సెయింట్ నికోలస్ దానగుణం చుట్టూ అల్లుకున్న కథలు క్రమంగా ఈ తాత రూపాన్ని ఇచ్చాయి. తెలుగు సంఘాల్లో ఈ దుస్తులకు ప్రత్యేకమైన పని ఉంది. డిసెంబరు రాత్రుళ్లలో యువజనులు డప్పూ గిటారూ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి పాటలు పాడే క్యారల్స్‌లో, ఎర్ర అంగీ, తెల్ల గడ్డం వేసుకున్న తాత పిల్లలకు చాక్లెట్లు పంచుతూ ముందు నడుస్తాడు. పండుగకు ముందే చర్చిల్లో, ఆఫీసుల్లో, పాఠశాలల్లో జరిపే వేడుకను తెలుగువారు సెమీ క్రిస్మస్ అంటారు. ఈ రెండింటి వల్ల బజారులో అసలు గిరాకీ 25వ తేదీకి చాలా ముందే, డిసెంబరు తొలి వారంలోనే మొదలవుతుంది.

పశువుల పాక బొమ్మల కొలువు మూడో ఆకర్షణ. యేసు పశువుల తొట్టిలో జన్మించాడన్న సువార్త కథనాన్ని కళ్లకు కట్టించేందుకు 1223లో ఇటలీలోని గ్రేచో గ్రామంలో అసీసీకి చెందిన సెయింట్ ఫ్రాన్సిస్ నిజమైన పశువులతో ఆ దృశ్యాన్ని ఏర్పాటు చేశాడు. ముఖ్యంగా కథోలిక కుటుంబాల్లో ప్రియమైన ఈ సంప్రదాయానికి కావలసిన మరియ, యోసేపు, శిశువు, గొల్లలు, జ్ఞానులు, గొర్రెల బొమ్మలు ప్లాస్టర్‌లోనూ ప్లాస్టిక్‌లోనూ దొరుకుతాయి. పాకను మాత్రం చాలామంది ఇంట్లోనే గడ్డి, అట్ట, ఇసుకలతో కట్టుకుంటారు, కొన్నిచోట్ల ముందుగానే ధాన్యం చల్లి మొలకెత్తించి పచ్చిక బయలు చేస్తారు.

వంటింటికి కావలసినవి

అలంకరణ వీధి దాటి ఎండు పళ్ల దుకాణాలకూ గిన్నెల దుకాణాలకూ వెళితేనే బేగంబజార్ సందర్శన పూర్తవుతుంది. భారతదేశంలో క్రిస్మస్ కేకు చరిత్ర చెప్పినప్పుడు 1883లో కేరళలోని తలశ్శేరిలో మాంబళ్లి బాపు ఒక ఆంగ్లేయ తోట యజమాని కోసం చేసిన ప్లమ్ కేకును ప్రస్తావిస్తారు. ఆ కేకుకు కావలసిన కిస్మిస్, జీడిపప్పు, అక్రోటు, ఖర్జూరం, చెర్రీ, టూటీఫ్రూటీలు ఇక్కడ కిలోల లెక్కన దొరుకుతాయి. శ్రీకాకుళం జిల్లా పలాస జీడిపప్పుకూ, మహారాష్ట్రలోని సాంగ్లీ ప్రాంతం కిస్మిస్‌కూ పేరుపొందినవి. టూటీఫ్రూటీ అనేది పచ్చి బొప్పాయి ముక్కలను ఉడికించి, రంగు కలిపిన చక్కెర పాకంలో ఊరబెట్టినది. ఎండు పళ్లను పండ్లరసంలోనో మద్యంలోనో వారాల తరబడి నానబెట్టే ఇళ్లవారు నవంబరులోనే ఈ దుకాణాలకు వస్తారు.

అయితే తెలుగు క్రైస్తవుల ఇంట పండుగ రుచిని నిర్ణయించేది కేకు ఒక్కటే కాదు. అరిసెలు, జంతికలు, కజ్జికాయలు, గవ్వలు, గులాబీ పువ్వులు సంక్రాంతికి వండే ఇళ్లలో ఎంత ఇష్టంగా వండుతారో ఈ ఇళ్లలో క్రిస్మస్‌కు అంతే ఇష్టంగా వండి, డబ్బాల్లో నింపి ఇరుగుపొరుగుకు పంచుతారు. పూవు ఆకారపు ఇనుప అచ్చును కాగే నూనెలో వేడి చేసి, పలచని పిండిలో ముంచి మళ్లీ నూనెలో ఉంచితే విడివడే గులాబీ పువ్వులను గోవా, కేరళ, తమిళనాడు క్రైస్తవులు కూడా ఇదే పండుగకు చేస్తారు. గోవావారు చేసే కల్‌కల్స్ మన గవ్వలకు దగ్గరి చుట్టాలు. ఈ అచ్చులు, గవ్వల పీటలు, జంతికల గొట్టాలు, కేకు గిన్నెలు అన్నీ గిన్నెల వీధిలో ఉన్నాయి. చర్చిలో ఆరాధన తరువాత సంఘమంతా కలిసి తినే ప్రేమవిందుకు పెద్ద అల్యూమినియం డేగిశాలు, గరిటెలు, వందల చొప్పున విస్తర్లు కొనేందుకు సంఘ పెద్దలు కూడా ఇక్కడికే వస్తారు.

సరుకు ఎక్కడిది, పని ఎవరిది

ఈ అరల్లో మెరిసే వస్తువుల్లో చాలా భాగం చాలా దూరం ప్రయాణించి వచ్చినవి. చైనాలోని జెజియాంగ్ రాష్ట్రంలో ఉన్న యీవూ నగరం ప్రపంచపు క్రిస్మస్ అలంకరణల్లో అధిక భాగాన్ని ఉత్పత్తి చేస్తుంది; అక్కడి సరుకు ఓడల్లో ముంబై తీరానికి చేరి, అక్కడి నుంచి దేశంలోని టోకు బజార్లకు పంపిణీ అవుతుంది. చెట్టుకు వేలాడే గాజు గోళాలు 19వ శతాబ్దంలో జర్మనీలోని లౌషా అనే గ్రామంలో గాజు ఊదేవారి చేతుల్లో పుట్టాయి. ఇప్పుడు వాటి స్థానంలో పగలని ప్లాస్టిక్ గోళాలు వచ్చాయి. ధర తగ్గడం వల్ల పేద ఇంటికి కూడా పండుగ అలంకరణ అందుబాటులోకి వచ్చిందన్నది నిజం. ఒక్క ఏడాదికే రంగు వెలిసిపోయే ప్లాస్టిక్ జనవరిలో చెత్తకుప్పలకు చేరుతుందన్నదీ అంతే నిజం.

ఈ సందర్భంలో తెలుగు నేల మీది చేతివృత్తులను తలచుకోవడం ధర్మం. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి, సహజ రంగులు కలిపిన లక్కతో మెరుగు పెట్టి బొమ్మలు చేస్తారు. కొండపల్లిలో తేలికైన తెల్ల పొణికి కర్రతో మనుషులనూ పశువులనూ చెక్కుతారు. పశువుల పాక కొలువుకు అంతకన్నా తగిన చేతులు ఇంకెక్కడుంటాయి? పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురం పరిసరాల్లో లేసు అల్లికను 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పగా, మతాలకు అతీతంగా వేలాది మహిళలు దాన్ని జీవనాధారం చేసుకున్నారు. కశ్మీరు కళాకారులు కాగితపు గుజ్జుతో క్రిస్మస్ గోళాలు చేసి విదేశాలకు పంపుతున్నప్పుడు, మన బొమ్మలూ లేసు నక్షత్రాలూ మన టోకు బజారు అరల్లోకే చేరకపోవడం విచారకరం. చర్చిలు, పాఠశాలలు ఒక్క పెట్టెడు చొప్పున ముందుగా ఆర్డరు ఇచ్చినా వ్యాపారులు వాటిని తెప్పించడానికి వెనుకాడరు, ఎందుకంటే అడిగినవారు ఉన్న సరుకును తెప్పించడమే ఈ బజారు స్వభావం.

అలాగే ఈ బజారును నిలబెట్టేవారి గురించి ఆలోచించాలి. సేటు పెట్టుబడి, గుమాస్తా లెక్క, హమాలీ వీపు, తోపుడు బండివాడి కాళ్లు, దుకాణంలో ఉదయం నుంచి నిలబడే కుర్రాళ్ల ఓపిక కలిస్తేనే ఒక టోపీ ఒక పిల్లవాడి తల మీదికి చేరుతుంది. ఇరుకు గల్లీల్లో ప్లాస్టిక్, కాగితం, థర్మాకోల్ కిక్కిరిసిన గోదాముల మధ్య వారు పని చేస్తున్నారు. నిప్పు అంటుకుంటే అగ్నిమాపక వాహనం లోపలికి రావడం ఎంతో కష్టం. గోదాముల్లో మంటలార్పే పరికరాలు, సక్రమమైన విద్యుత్ తీగలు, పండుగ వారాల్లో పాదచారులకు ప్రత్యేకించిన వీధులు, మహిళలకు మరుగుదొడ్లు ఏర్పరచడం నగర పాలకులు చేయవలసిన పని. యూరప్ సంతలు పర్యాటకులను ఆకర్షించడానికి కారణం వాటి ప్రాచీనత ఒక్కటే కాదు, అక్కడ నడిచేవారికి దొరికే భద్రత కూడా. రెండు శతాబ్దాల వ్యాపార చరిత్ర ఉన్న బేగంబజార్‌కు ఆ పాటి శ్రద్ధ అందాలి.

ఆన్‌లైన్ దుకాణాల్లో నక్షత్రం నుంచి కేకు గిన్నె దాకా అన్నీ గుమ్మం ముందుకే వస్తున్న రోజుల్లో ఈ బజారు అవసరం ఏమిటన్న ప్రశ్న రావడం సహజం. వస్తువు మాత్రమే కావాలనుకునే వారికి ఆ సౌకర్యం చాలు. ఒక ముస్లిం రాణి ఇచ్చిన నేల మీద, హిందూ, జైన వర్తకులు నడిపే దుకాణాల్లో, క్రైస్తవ కుటుంబాలు తమ పండుగకు కావలసిన సరుకు కొనుక్కుని, దాన్ని అన్యమతస్థుడైన మిత్రుడితో పంచుకునే అనుభవం మాత్రం ఆ పార్సిల్ పెట్టెలో రాదు. కలిసి బతకడం అనే విద్యను హైదరాబాద్ నగరం పెద్ద సభల్లో కన్నా ఇటువంటి కొనుగోళ్లలోనే ఎక్కువగా నేర్చుకుంది. ఒక్క డిసెంబరు సాయంత్రమైనా పిల్లలనూ స్నేహితులనూ తీసుకుని బేగంబజార్‌కు వెళ్లి, సరుకు గురించి అమ్మేవారితో మాట్లాడి, డజను ధరకు కొని పంచుకోవడం ప్రతి కుటుంబమూ చేయదగిన పని. బజారు బతికేది అలా వెళ్లేవారి వల్లనే.